సారు పెట్టిన బొట్టు

మీలో ఎవరైనా జేబులో ఖరీదైన మడత చాకు పెట్టుకొని తిరుగుతాంటే, ముందుగా మీకు నా నమస్కారం. పొద్దున ఒక కొరియర్ డబ్బా మీది టేపు కోసి, సాయంత్రం ఇంకో డబ్బా మీది టేపు కోసి, ఆ రెండింటి నడుమ ఆ చాకు ఉక్కు గొప్పతనం గురించి ఊరూ పేరూ తెలియనోళ్ళతో సెల్‌ఫోన్లో కొట్లాడే మీ ఓపిక మామూలుది కాదు. అట్లాంటి చాకుల మీదనే నా ఉద్యోగంలో చివరి నాలుగేండ్లు బతికినాను కాబట్టి, మిమ్మల్ని ఎక్కువ ఎగతాళి చేస్తే నా నోట్లో నేనే మన్ను పోసుకున్నట్టు.

రిటైరైనోళ్ళు జ్ఞాపకాలు రాస్తే, తాము లేకపోతే ఫ్యాక్టరీ మూతబడేదన్నట్టు రాస్తారు. నేను ఉన్నందువల్ల ఒక మనిషి పొయ్యి ఆరిపోబోయిన కథ ఇది. కొత్తగా ఉద్యోగాల్లో చేరినోళ్ళు చదువుకోండి. నాలాంటోడు మీ ఆఫీసులో ఒకడు ఉండే ఉంటాడు, ఫ్యాను కింద సీటు వానిదే.

ఇరవై ఎనిమిదేండ్లు హైదరాబాదు పక్కన ఒక పెద్ద కార్ఖానాలో ఉక్కు గట్టిదనం కొలిచే మిషను ముందర కూర్చున్నాను. వజ్రం మొనను ఉక్కు మీద నొక్కితే అది ఎంత లోతు దిగిందో చూసి మిషను ఒక నంబరు చెప్తాది. ఆ నంబరు నేను కాగితం మీద రాస్తే ఇంజనీర్లు కూడా తలకాయ ఊపేవాళ్ళు. అన్నేండ్లు ఎవరూ ఎదురు చెప్పకపోతే మనిషి తల యాడికి పోతాదో మీరే ఊహించుకోండి. ఆ తలతోనే సొంత జిల్లాకు వచ్చి, ఓర్వకల్లు పక్కన రాళ్ళగుట్టల కింద కొత్తగా పెట్టిన ఒక చిన్న చాకుల ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌ఛార్జిగా చేరినాను.

కర్నూలు, కడప అంటేనే కత్తులనుకునేవాళ్ళకు మా ఫ్యాక్టరీ మాట చెప్తే ఎంత సంబరమో. "మీ ప్రాంతంలో గిరాకీ బాగుంటాదేమో" అన్నాడు మా కోస్తా వియ్యంకుడు. "అవును బావగారూ, పొద్దున టిఫినుకు ముందు మాకు అదే పని" అన్నాను. నిజానికి మా చాకు ఒక్కటి కూడా ఈ రెండు జిల్లాల్లో అమ్ముడుపోలేదు. అంత రేటు పెట్టి చాకు కొనే పిచ్చి మావాళ్ళకు ఇంకా పట్టలేదు.

మా యజమాని కోయిలకుంట్ల వ్యాపారస్తుల ఇంటి అబ్బాయి. తాతల నాటి నుంచి వాళ్ళది శనగలు, జొన్నల వ్యాపారం. ఈ అబ్బాయికి మాత్రం వీడియోలు చూసి చూసి ఉక్కు పిచ్చి పట్టింది. ఉక్కు రకాల పేర్లు వాళ్ళవ్వ విష్ణు సహస్రనామం చదివినట్టు గుక్క తిప్పుకోకుండా చదివేవాడు. మనసు మాత్రం మంచిది. ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ళ మాట నమ్మేంత మంచిది.

కొలిమి దగ్గర ఉన్న మనిషి కడప ఆయన. అందరం భాయ్ అనేవాళ్ళం. యాభై దాటినాయి, మూడు తరాలుగా సాన పట్టే ఇల్లు. బ్లేడ్లను కరెంటు కొలిమిలో ఎర్రగా కాచి, నూనెలో ముంచి గట్టిపరిచి, ఆ తర్వాత సన్నని వేడిలో పెట్టి ఉక్కు పొగరు దించేది ఆయన పని. ఆ రెండో వేడి తప్పితే బ్లేడు చూసేదానికి బాగానే ఉంటాది గానీ గుణం పోతాది. ఏడాది పని చూసి పర్మనెంటు చేస్తామని యజమాని మాటిచ్చినాడు. దసరా దాటితే ఆ ఏడాది నిండుతాది. కూతురు కడపలో నర్సింగు చదువుతాండాది, దినామూ మధ్యాన్నం ఫోను చేసి "నాన్నా, కాగితం వచ్చిందా?" అని అడుగుతాదని నవ్వుతా చెప్పేవాడు.

అప్పుడే బెంగుళూరు నుంచి ఒక మేడం అడిగింది, రోజూ జేబులో పెట్టుకుని వాడే మంచి చాకు కావాల, మూడు రకాల ఉక్కుతో చేసి చూపించండి, ఏది బాగుంటే దానికి ఆర్డరు ఇస్తానని. దసరా అయిన నెలకు ఆమె రావాల. మూడు రకాలూ తెప్పించినాము.

ఒకటి బేరింగు ఉక్కు. పాతకాలపు పల్లెటూరి మనిషి మాదిరి, రెండు పట్లు సాన మీద లాగితే చాలు, చేతి మీద వెంట్రుకలు లేచిపోతాయి. రెండోది పొడి ఉక్కు. కరిగించి, పొడి చేసి, ఆ పొడిని మళ్ళా ముద్ద చేస్తారంట. ఇంత తిప్పలు పడినాక అది ఖరీదు కాకుండా ఎట్లుంటాది? పదును పట్టేదానికి ఒక పూట, పోయేదానికి ఒక యుగం. మూడోది నత్రజని కలిపిన ఉక్కు. తుప్పు పట్టదంట. గట్టిదనం నంబరు మాత్రం మిగతా రెండింటి కంటే ఒక మెట్టు కింద. యజమాని దానికి "మెతకోడు" అని పేరు పెట్టినాడు. నేను ఇంకో అడుగు ముందుకేసి "ఇది కోసే కత్తి కాదప్పా, పెండ్లికి పోయే కత్తి" అన్నాను. అందరూ నవ్వినారు. నేను నవ్వమంటే నవ్వాల మరి, జీతాల పెంపు ఫారాల మీద నా సంతకమే ఉండేది.

నెల దినాలు పరీక్షలు చేసినాము. జనపనార తాళ్ళు కోసినాము, అట్టపెట్టెలు కోసినాము. ఎన్ని కోతలకు పదును పోతాదో గీతలు పెట్టుకున్నాము. పొడి ఉక్కు మొదట, బేరింగు రెండు, మెతకోడు కడగొట్టు. ఈ ఫలితం చూసి నాకు ఎంత గర్వమంటే, ఆ ఉక్కును నేనే కనిపెట్టినంత. ఒక్క చాకు కూడా నిమ్మకాయ కోయలేదు, ఉల్లిగడ్డ కోయలేదు, చెమట పట్టిన జేబులో ఒక్క పూట లేదు. రోజువారీ వాడకం అని కాగితం మీద పేరు, పరీక్ష మాత్రం తాడు మీద. ఇది అప్పుడు ఎవరికీ తోచలేదు. నాకు అసలే తోచలేదు.

ఇంతలో ఆయుధపూజ వచ్చింది. మా దిక్కు ఆయుధపూజ నాడు సైకిలు పంపు నుంచి లారీ దాకా బొట్టు పడనిది ఉండదు. ఫ్యాక్టరీలో పెద్దోన్ని నేనే కాబట్టి పూజ నా చేతి మీదనే. మిషన్లకు పెట్టినాను, కొలిమికి పెట్టినాను. మేడం కోసం చేసిన బ్లేడ్లు పళ్ళెంలో వరసగా పేర్చి ఉండాయి. వాటికీ పెట్టబోతే, భాయ్ వాటికి నూనె పూసి పెట్టినాడేమో, నీళ్ళ కుంకుమ నిలబడక జారిపోతాండాది. నేను అనుభవజ్ఞున్ని కదా, ఊరుకుంటానా? గుడ్డ తీసుకొని నూనె శుభ్రంగా తుడిచినాను. కుంకుమలో ఒక నిమ్మకాయ పూర్తిగా పిండి చిక్కగా కలిపినాను. ఉంగరం వేలితో ఒక్కో బ్లేడుకు నడిమధ్యన గుండ్రంగా, ముద్దుగా బొట్టు పెట్టినాను. "సారు చేతిలో ఎంత పొందిక ఉండాదో" అన్నాడు యజమాని. భాయ్ ఆ పొద్దు సెలవు పెట్టి కడపకు పోయినాడు.

పూజ చేసిన పనిముట్టును సెలవు తీరే దాకా ముట్టగూడదు, అది ఆచారం. నవమి పోయింది, దశమి పోయింది, ఆదివారం పోయింది. సోమవారం పొద్దున క్యాంటీన్ అక్క తడిగుడ్డతో బ్లేడ్లు తుడిచి, పళ్ళెం పట్టుకొని నా టేబులు కాడికి వచ్చింది. ఆమెది పడమటి పల్లె. టీ పెట్టడం, ఊడ్చడం ఆమె పని.

"సారూ, బొట్టు పోయింది గానీ కింద మచ్చలు పోతాలేవు."

"నీకు తెలీదులేమ్మా, అది మెటలర్జీ" అన్నాను.

ఇంతకంటే మేధావి మాట నా జన్మలో ఇంకోటి అనలేదు. భూతద్దం పెట్టి చూసినాను. బేరింగు ఉక్కు మీద నల్లటి మచ్చ, చిన్న చిన్న గుంటలు. పొడి ఉక్కు మీద గోధుమరంగు మచ్చ. మెతకోని మీద ఏమీ లేదు. రెండో వేడి ఎక్కువైతే తుప్పును తట్టుకునే గుణం తగ్గుతాదని ఎప్పుడో పుస్తకంలో చదివినాను. చదివిన ముక్క ఒకటి దొరికితే చాలు, దాన్ని ఎవరో ఒకరి నెత్తిన రుద్దకపోతే నాకు నిద్ర పట్టదు. అన్ని మచ్చలూ గుండ్రంగా ఎందుకుండాయి, అన్నీ నడిమధ్యనే ఎందుకుండాయి అని ఆలోచించలేదు. గురివింద గింజకు తన నలుపు కనపడదంటారు, నాకైతే భూతద్దంలో కూడా కనపడలేదు.

అందరి ముందర రిపోర్టు చదివినాను. "వేడి చేయడంలో లోపం. కొలిమి పని చేసినవారి అజాగ్రత్త."

భాయ్ తన నోటుబుక్కు తెచ్చి చూపించినాడు. ఎప్పుడు ఎంత వేడి పెట్టినాడో అంతా వరసగా రాసుకున్నాడు.

"సార్, ఉడుకు తప్పలేదు. నూనె రాసి పళ్ళెంలో పెట్టి పోయినా. ఆ నూనె ఎవరు తీసినారు సార్?"

సరిగ్గా అడగాల్సిన ప్రశ్నే అడిగినాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. "తప్పు చేసి నన్నే ప్రశ్నలడుగుతావా?" అని అరిచినాను. ఇంకో మాట కూడా దాచకుండా చెప్తాను. ఆ బ్లేడ్ల గట్టిదనం నంబర్లు నా మిషన్ మీద నేనే తీసినవి, అన్నీ సరిగ్గా ఉన్నాయి. వేడి తప్పి ఉంటే నంబరు కూడా తప్పాల. నా మిషనే భాయ్ తరపు సాక్షి. ఆ సాక్షిని పిలవకుండానే తీర్పు రాసినాను.

యజమాని ఆయనను పక్కకు పిలిచి, "కొద్ది దినాలు ఇంటికాడ రెస్టు తీసుకో భాయ్" అన్నాడు. ఆ రెస్టుకు అర్థం అందరికీ తెలుసు. భాయ్ చేతి తొడుగులు తీసి, మడిచి, కొలిమి మీద పెట్టినాడు. పోతా పోతా నా దిక్కు చూసి "ఉంటా సార్" అన్నాడు. నేను ఏదో కాగితం చూస్తాన్నట్టు నటించినాను.

ఆ తర్వాత కొలిమి పని యజమానే మీదేసుకున్నాడు, వీడియో చూసి. మొదటి దఫా బ్లేడ్లు బయటికి తీస్తే ఒక్కోటి ఒక్కో దిక్కు వంగి ఉండాయి. చాకులకు పనికిరావు గానీ గొర్రెల కాపర్లకు కొక్కీలుగా ఇయ్యొచ్చు అన్నాను. ఆయన నవ్వలేదు. మేడం వచ్చే దినం దగ్గర పడింది, చూపించేదానికి మచ్చలు పడిన పాతవే దిక్కు.

మేడం వచ్చింది. సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి, కన్నడం కలిసిన తెలుగు. బ్లేడ్లు ఒక్కోటి తీసి వెలుతురుకు పట్టి చూసింది.

"సార్, ఇది ఏమి, ఈ రెండు రకాలకూ ఒకటే జాగాలో రౌండుగా మచ్చ ఉండాదే?"

నేను గొంతు సవరించుకున్నాను. "అది మేడం, రెండోసారి వేడి చేసేటప్పుడు ఉష్ణోగ్రత హెచ్చుతగ్గుల వల్ల..." అని ఉపన్యాసం ఎత్తుకున్నాను. క్యాంటీన్ అక్క టీ గ్లాసులు పెడతాండాది. తల కూడా ఎత్తకుండా చెప్పింది.

"అది సారు పెట్టిన బొట్టమ్మా. దసరా నాడు నిమ్మకాయ పిండి కుంకుమ కలిపి పెట్టినాడు. తుడిచిన పొద్దే నేను చెప్పినా, మెటలర్జీ అన్నాడు."

యజమాని నోరు తెరుచుకొని నా దిక్కు చూస్తాండాడు. నేను నా ఉంగరం వేలు చూసుకున్నాను. మచ్చ మీద పెట్టి చూడాల్సిన పని కూడా లేదు, కొలత సరిగ్గా సరిపోతాదని తెలుస్తానే ఉండాది.

బుకాయించొచ్చు. రిటైరయ్యేదానికి ఇంకా అయిదు నెలలే ఉండాయి. "పల్లెటూరి ఆమె, ఆమెకేం తెలుసు" అంటే అయిపోయేది. యజమాని కూడా అదే కోరుకుంటాన్నట్టు చూసినాడు. అనబోయినాను కూడా. కానీ అక్క ట్రే పట్టుకొని ఆడనే నిలబడింది, ఈసారి ఏమంటానో విందామని.

"ఒక నిమ్మకాయ తేమ్మా" అన్నాను.

భాయ్ చేతి బ్లేడ్లు, తాళ్ళు కోసి పదును పోయినాయని పూజకు పెట్టనివి, మూడు రకాలవీ ఒక్కోటి కాగితంలో చుట్టి బీరువాలో ఉండాయి. నూనె తుడిచి, నిమ్మరసంలో కుంకుమ కలిపి, అందరి ముందర అదే వేలితో బొట్టు పెట్టినాను. భోంచేసి వచ్చి తుడిచినాము. బేరింగు ఉక్కు మీద బొట్టు కింద నల్లగా మచ్చ. పొడి ఉక్కు మీద సన్నగా మరక మొదలైంది. మెతకోడు కడిగిన ముత్యం. మేడం నవ్వింది. "నమ్మ జనం, అంటే మనవాళ్ళు, చాకుతో ఏమి కోస్తారు సార్? నిమ్మకాయ, మామిడికాయ, ఉల్లిగడ్డ. తాడు ఎవరు కోస్తారు? నాకు ఇదే కావాల" అని మెతకోన్ని చేతిలోకి తీసుకుంది. నెల దినాల పరీక్షలు, మూడు ఫైళ్ళ గీతలు, ఒక్క నిమ్మకాయ ముందర గాలికి పోయినాయి.

తర్వాత ఆమె గట్టిదనం నంబర్ల కాగితం చూస్తా అడిగింది. "వేడి శానా బాగా పెట్టినారు. ఎవరు ఆయన?"

"ఆయన పని మానేసినాడు మేడం" అన్నాడు యజమాని.

"మానలేదమ్మా" అన్నాను. "నేను తరిమేసినాను. తప్పు నాది, పేరు ఆయనది పెట్టినాను."

ఆ మాట అన్నందుకు నన్నేమీ మెచ్చుకోవద్దండి. చేతులు కాలినాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పటికి మూడు వారాలు దాటింది.

మరుసటి దినం కడప బస్సెక్కినాను. నంద్యాల దాటింది. ఆళ్ళగడ్డలో అహోబిలం పోయేవాళ్ళు బిలబిలమని దిగినారు. నేనూ దిగిపోయి, స్వామికి దండం పెట్టుకొని, "భాయ్ ఇంట్లో లేడు" అని వెనక్కు వచ్చి చెప్దామా అని నిజంగానే అనిపించింది. సీట్లోంచి సగం లేచినాను కూడా. పక్కనున్న ముసలాయన "దిగుతావా, కూర్చుంటావా, ఏదో ఒకటి చెయ్యప్పా, గాలి వస్తాలేదు" అని కసిరితే కూర్చున్నాను.

కడపలో బావమరిది సాన అంగట్లో ఉన్నాడు భాయ్. దర్జీల కత్తెరలు సాన పడతాండాడు. నన్ను చూసి లేచి, స్టూలు తుడిచి, "కూర్చోండి సార్, టీ చెప్తా" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. నేను అంతా చెప్పినాను, నూనె తుడిచింది, నిమ్మకాయ పిండింది. ఆయన కత్తెర పక్కన పెట్టినాడు.

"రెండు కంపెనీలకు పోయినా సార్. ముందుండే పని ఎందుకు పోయిందని అడిగినారు. ఉడుకు తప్పినాడని రాసినారని చెప్పినా. అబద్ధం చెప్పలేకపోయినా. రాసింది మీరు కదా, పెద్దోళ్ళు. ఒక దినం నాకే అనుమానం వచ్చింది, నిజంగానే తప్పినానేమోనని. పాప ఫోను చేస్తే ఎత్తడం మానుకున్నా సార్."

"తప్పైపోయింది భాయ్, రా, పోదాం" అన్నాను.

"వస్తా సార్. ఈడ నాకు చెప్పినారు, మంచిదే. కానీ ఆ పొద్దు అందరి ముందర చదివినారు. ఇదీ అందరి ముందర చదవండి."

చదివినాను. సోమవారం పొద్దున, అదే జాగాలో, అంతమంది ముందర. పాత రిపోర్టు కింద ఎర్రసిరాతో రాసిన మూడే వాక్యాలు: "బ్లేడ్ల మచ్చలు నేను కలిపిన నిమ్మరసం వల్ల వచ్చినవి. నూనె తుడిచింది నేను. కొలిమి పనిలో ఏ లోపమూ లేదు." ఇరవై ఎనిమిదేండ్ల గొంతు మూడు వాక్యాలకే బొంగురు పోయింది. వెనక నుంచి క్యాంటీన్ అక్క "మెటలర్జీ గురించి కూడా చెప్పు సారూ" అన్నది. అదీ చెప్పినాను. ఈసారి ఎవరూ నవ్వమని చెప్పకుండానే అందరూ నవ్వినారు. భాయ్ మాత్రం నవ్వలేదు. కొలిమి కాడికి పోయి తొడుగులు వేసుకున్నాడు. ఆ వారంలోనే పర్మనెంటు కాగితం చేతికొచ్చింది.

నేను ఎండాకాలంలో రిటైరైనాను. ఆ ఏడు దసరాకు భాయ్ ఫోను చేసినాడు. "పూజకు మీరే రావాల సార్, ఈడ ఇంకెవరూ పెద్దోళ్ళు లేరు" అన్నాడు. పోయినాను. మిషన్లకు పెట్టినాను, కొలిమికి పెట్టినాను. బ్లేడ్ల పళ్ళెం వచ్చేసరికి నా చెయ్యి వెనక్కు పోయింది. "వీటికి వద్దులే భాయ్" అన్నాను.

కుంకుమ గిన్నె ఆయన చేతిలోనే ఉండాది. భుజం మీద నూనె గుడ్డ.

"నీళ్ళతోనే కలిపినా సార్. పెట్టండి, వెంటనే తుడిచేదానికి నేనుండా. బొట్టు తప్పేముండాది?"

మొదటి బ్లేడుకు పెట్టినాను. రెండోదానికి పెట్టినాను. మూడోది నాకు మసకమసకగా కనపడింది. భాయ్ గిన్నె కింద పెట్టి, నా చెయ్యి పట్టుకొని ఆ బొట్టు నాతో పెట్టించినాడు.